చదువుకునే పిల్లాడికి పని చెప్పొచ్చా?

పాఠకుల ప్రశ్నలు, టీచరమ్మ జవాబులు

(జవాబులు ఇస్తున్నవారు నల్గొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లోని జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యారు.)

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నల్గొండ, పానగల్లు వైపు. మా బాబుకు 16 ఏళ్లు. ఇంటర్ ఎంపీసీ సెకండియర్. పొద్దున ఆరున్నరకు లేచి ఏడున్నరకు కాలేజీ వ్యాన్ ఎక్కితే రాత్రి ఏడింటికి దిగుతాడు. ఆ వ్యాన్ ఊరంతా తిరిగి పోతుంది, ఒక్కవైపుకే ముప్పావుగంట. ఇంటికి రాగానే అన్నం పళ్లెం గదిలోకి తీసుకుపోతాడు. తర్వాత పుస్తకం కొంతసేపు, ఫోన్ చాలాసేపు. ఒంటిగంటకు లేచి చూసినా లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆదివారం పన్నెండింటి దాకా లేవడు. పదో తరగతి దాకా ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో క్రికెట్ అంటే ప్రాణం. ఇప్పుడు అటు తొంగి చూడడు. సైకిల్ మెట్ల కింద బూజు పట్టింది. ఇంట్లో ఒక్క పని కూడా చెప్పం మేడమ్, చదువుకునే పిల్లాడు కదా అని. అయినా ఏదడిగినా కసురుకుంటాడు. మొన్న "ఏం చేసినా ఏమున్నదమ్మా" అన్నాడు. ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. వాళ్ల నాన్న ఫోన్ గుంజుకుంటే అన్నీ సర్దుకుంటాయంటారు. మా ఆడబిడ్డ జిమ్‌లో చేర్పించమంటోంది. ఇది బద్ధకమా, ఫోన్ పిచ్చా, జబ్బా? – ఒక తల్లి, నల్గొండ

జవాబు: అమ్మా, ముందు "ఏం చేసినా ఏమున్నది" అన్న మాట సంగతి చూద్దాం. మిగతాదంతా తర్వాత. ఈ వయసులో పిల్లలు విసుగొచ్చి అనే మాట కావచ్చు. కాకపోవచ్చు కూడా. కాబట్టి మీలో మీరే నలిగిపోకుండా వాడినే అడగండి. ఇద్దరే ఉన్నప్పుడు, మెల్లగా, "ఆ రోజు అట్లన్నవు కదా బిడ్డా, నీకు బతకాలని లేనంత బాధగా ఉంటున్నదా?" అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన మనమే పుట్టిస్తామేమోనని చాలామంది తల్లులు భయపడతారు. అడిగితే పుట్టదు. అడిగే మనిషి ఇంట్లో ఉందని తెలిస్తే పిల్లల బరువు కొంత దిగుతుంది.

రెండు వారాలకు మించి రోజూ దిగులుగానో చిరాకుగానో ఉండటం, ఇష్టంగా చేసినవన్నీ వదిలేయడం, తిండీ నిద్రా బాగా తగ్గడమో పెరగడమో, చదివింది తలకెక్కకపోవడం, తాను ఎందుకూ పనికిరానని అనుకోవడం, ఇలాంటివి రెండు మూడు కలిసి కనిపిస్తే డాక్టర్‌కు చూపించాలి. చావు మాట వస్తే, చేతి మీద కోసుకున్న గుర్తులు కనిపిస్తే, ఆ రోజే తీసుకెళ్లాలి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు. అర్ధరాత్రి గుండె గుబేలుమంటే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. నేను కింద రాసేదంతా డాక్టర్ చెప్పేదానికి తోడు మాత్రమే. దాని బదులు కాదు.

జబ్బో కాదో ఉత్తరం చూసి నేను చెప్పకూడదు. బద్ధకం మాత్రం కాదని గట్టిగా చెప్పగలను.

మీ ఉత్తరం పక్కనే పెన్సిల్‌తో లెక్క వేశాను. వ్యాన్‌లో రానూపోనూ గంటన్నర. కాలేజీలో పది గంటలు, అన్నానికి లేచే అరగంట తీసేస్తే తొమ్మిదిన్నర. ఇంటికి వచ్చాక స్నానానికీ దానికీ దీనికీ అరగంట పోతే, పుస్తకం, ఫోన్‌తో మంచం మీద ఐదున్నర. మొత్తం కూర్చునేదే పదహారున్నర గంటలు. మెలకువగా ఉండేదే పద్దెనిమిదిన్నర. మనం నల్గొండ నుంచి హైదరాబాద్‌కు బస్సులో రెండున్నర గంటలు కూర్చుంటే దిగగానే నడుం పట్టుకుంటాం, ఎవరు పలకరించినా విసుక్కుంటాం. మీ బాబు రోజూ అలాంటి ప్రయాణాలు ఆరు, ఒకదాని వెనుక ఒకటి చేస్తున్నాడు. దిగడానికి ఊరు కూడా లేదు వాడికి.

ఇది నాకు పుస్తకాల్లో చదివి తెలిసిన సంగతి కాదు. పిల్లల్ని పరుగెత్తించి జీతం తీసుకున్న మనిషినై ఉండీ, 2009లో నా కొడుకును పదో తరగతి కాగానే హైదరాబాద్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశాను. నాలుగంతస్తుల బిల్డింగ్. చేర్చుకునేటప్పుడు గ్రౌండ్ అని చూపించింది వాళ్ల బస్సులు నిలుపుకునే జాగా అని తర్వాత తెలిసింది. పడక పై అంతస్తులో, క్లాసు కింది అంతస్తులో. పిల్లవాడికి ఎండ తగిలేది ఆదివారం బట్టలు ఆరేసుకునేటప్పుడు. దసరాకు ఇంటికి వచ్చాడు. సద్దుల బతుకమ్మ నాడు ఊరంతా చెరువు కట్టకు పోతుంటే మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. "ఇంత సోమరివి ఎప్పుడైనవురా" అని అరిచాను. వాడు ఏమీ అనలేదు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఆ దుప్పటి రంగు కూడా నాకు గుర్తుంది.

వాణ్ణి లేపింది నేను కాదు, మా మామగారు. దేవరకొండ దగ్గర మా ఊళ్లో రెండెకరాల బత్తాయి తోట ఉండేది. ఆయనకు అప్పటికే చూపు తగ్గింది. "డ్రిప్పుల నీళ్లు పడుతున్నయో లేదో నాకు కనబడుతలేదు, నువ్వు జర వచ్చి చూడు బిడ్డా" అన్నారు. వ్యాయామం అనలేదు, ఆరోగ్యం అనలేదు. రెండొందల చెట్లు. ప్రతి చెట్టు కాడ వంగి, రాలిన ఆకులు పక్కకు జరిపి, చుక్క పడుతుందో లేదో చూడాలి. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. తెల్లగా పేరుకుని సన్నటి రంధ్రం మూసుకుపోతుంది. దాన్ని విప్పి, రాయి మీద తట్టి, నోటితో ఊది, మళ్లీ పెట్టాలి. మొదటి రోజు ముప్పై చెట్లు చూసి వచ్చి పడుకున్నాడు. రెండో రోజు పోనన్నాడు. మామగారు ఏమీ అనకుండా కర్ర పట్టుకుని ఒక్కరే బయల్దేరితే, వెనకాల చెప్పులేసుకుని పోయాడు. నాలుగో రోజో ఐదో రోజో నేను టిఫిన్ తీసుకుని పోతే, తోట ఆ చివరి నుంచి "తాతా, నీళ్లు వదులు!" అని కేక వినిపించింది. వాడి గొంతు అంత పైకి లేచి నాలుగు నెలలైంది. నేను గట్టు మీదనే కూర్చుండిపోయాను.

దాంతో అంతా బాగైపోయిందంటే అబద్ధం. ఆ కాలేజీ మాన్పించాం. దేవరకొండలోనే చేర్పించాం. కొన్నాళ్లు డాక్టర్ దగ్గరికి తిప్పాం. మామూలు మనిషి కావడానికి ఏడాది పట్టింది. కానీ ఆ తోటలో వాడికి ఏం దొరికిందా అని నేను చాలా ఏళ్లు ఆలోచించాను. వాడికి కావలసింది ఒళ్లు వంచడమే అయితే నేనే చేయించేదాన్ని, అది నా వృత్తి. అక్కడ ఒళ్లు కదిలింది, ఎండ తగిలింది, పక్కన మనిషి ఉన్నాడు, తన కళ్లతో ఇంకొకరికి పని పడింది. ఈ నాలుగూ ఒకేసారి దొరికాయి.

2020లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ఇంగ్లండ్ పిల్లల మీద ఒక అధ్యయనం వచ్చింది. దాని గురించి చదివినప్పుడు మా మామగారే గుర్తొచ్చారు. బ్రిస్టల్ ప్రాంతంలో 1991, 92లలో పుట్టిన పిల్లలు, 4,257 మంది. వాళ్లకు 12, 14, 16 ఏళ్లప్పుడు కదలికను కొలిచే చిన్న యంత్రం కట్టి, కొన్ని రోజుల పాటు ఎంతసేపు కూర్చున్నారో, ఎంతసేపు కదిలారో లెక్క తీశారు. 18 ఏళ్లకు కుంగుబాటు లక్షణాలు ఎన్ని ఉన్నాయో అడిగి తెలుసుకున్నారు. 12 ఏళ్లప్పుడు రోజుకు ఒక గంట ఎక్కువ కూర్చున్నవాళ్లకు 18 ఏళ్లకు కుంగుబాటు స్కోరు 11 శాతం ఎక్కువ వచ్చింది. అదే వయసులో రోజుకు ఒక గంట తేలికపాటి కదలిక ఎక్కువగా ఉన్నవాళ్లకు దాదాపు 10 శాతం తక్కువ వచ్చింది. తేలికపాటి కదలికంటే పరుగూ కాదు, జిమ్మూ కాదు. మెల్లగా నడవడం, నిలబడి చేసే చిన్న చిన్న పనులు, అంతే. ఇంకో సంగతి. 12 ఏళ్లప్పుడు రోజుకు ఏడు గంటల చిల్లర కూర్చున్న ఆ పిల్లలు, 16 ఏళ్లు వచ్చేసరికి ఎనిమిదిన్నర గంటలు దాటారు. పెరిగిన గంటన్నరలో ఎక్కువ భాగం పోయింది ఆటలోంచి కాదు, ఆ తేలికపాటి కదలికలోంచే.

అది వాళ్ల దేశపు లెక్క. కూర్చోవడం వల్ల దిగులు వచ్చిందా, దిగులు మొదలై కూర్చుండిపోయారా అన్నది ఇలాంటి లెక్క ఒక్కటే తేల్చదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయని నా కళ్లతో చూశాను. ఇప్పటికే కుంగుబాటుతో ఉన్న పిల్లల చేత క్రమంగా వ్యాయామం చేయించి చూసిన పరీక్షల్లో కూడా చాలామందికి లక్షణాలు కొంత తగ్గాయి.

ఆ తేలికపాటి కదలికను మన ఇళ్లలో పని చెప్పడం అంటాం. గిర్నికి పోయి జొన్నపిండి పట్టించుకురా. ఫిల్టర్ నీళ్ల డబ్బా తీసుకురా. పాల ప్యాకెట్, ఇస్త్రీ బట్టలు, కొత్తిమీర కట్ట, పక్కింటి అవ్వకు గోలీలు. ఫ్లోరైడ్ నీళ్ల జిల్లా మనది. మంచి నీళ్ల కోసం సైకిల్‌కు ఇటొక డబ్బా అటొక డబ్బా కట్టుకుని తొక్కని పిల్లవాడు ఒకప్పుడు ఉండేవాడా? పదో తరగతి రాగానే ఒక్కొక్క పనీ తీసేశాం. "వాడు చదువుకుంటుండు, పని చెప్పకు" అన్నాం. ప్రేమతోనే అన్నాం. మన తరం పొలం పని చేసి, గడ్డిమోపులు మోసి, ఆ తర్వాత దీపం కింద చదివింది. ఆ కష్టం పిల్లలకు వద్దనుకోవడం తప్పు కాదు. కానీ పనితో పాటు వీధీ పోయింది. దుకాణం కాడ "ఏం రా, ఎట్ల చదువుతున్నవ్" అని అడిగే మనుషులూ పోయారు. ఇంట్లో తన వంతూ పోయింది. ఇప్పుడు వాడికి మిగిలింది మార్కులు తేవడమొక్కటే. అవి రాని వారం ఆ పిల్లవాడికి ఏమనిపిస్తుందో ఆలోచించండి.

కాబట్టి నేను మిమ్మల్ని కోరేది, పని చెప్పండి. గంటల కొద్దీ వద్దు. రోజుకు ఒకటి, పదిహేను ఇరవై నిమిషాలది, నిజంగా ఇంటికి అవసరమైనది. "నడిస్తే నీ టెన్షన్ పోతది" అని చెప్పి పంపకండి. పిల్లలు మందు వాసన పసిగడతారు. "నాకు ఆ డబ్బా మోయబుద్ధి అయితలేదు, నువ్వు తే" అంటే చాలు. ఒక పని పూర్తిగా వాడిదే అని అప్పజెప్పండి. నీళ్ల డబ్బాలే అనుకోండి. ఆటోలో వచ్చేవి మాన్పించండి. వాడు మరిచిపోయిన రోజు ఇంట్లో నీళ్లు లేకపోతే లేకపోయాయి, మీరు పరుగెత్తకండి.

సైకిల్ సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ మెట్ల కింది సైకిల్. ఇంకా అమ్మేయలేదు కదా. ఆదివారం సాయంత్రం వాళ్ల నాన్నను దాన్ని బయటికి తీయమనండి. బూజు దులిపి, చైన్‌కు నూనె పెట్టి, పంక్చర్ దుకాణం దాకా తోసుకుంటూ పోవాలి. బాబును సాయం రమ్మనాలి, అంతే. రాకపోతే వచ్చే ఆదివారం ఇంకో పని. వస్తే, గాలి కొట్టించాక అటే ఉదయసముద్రం కట్ట మీదికి పోవచ్చు. ఆయనకు ఒక మాట చెప్పండి, చదువు ఎత్తొద్దు, ఫోన్ ఎత్తొద్దు. పక్కపక్కన నడిచేటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూడనక్కర్లేదు, అందుకే మగపిల్లలు అప్పుడే నోరు విప్పుతారు. గ్రౌండ్‌లో నా దగ్గరికి వచ్చి ఇంటి గొడవలు చెప్పుకున్న పిల్లలందరూ నాతో పాటు సున్నం గీతలు గీస్తూ చెప్పినవాళ్లే. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఒక్కడూ చెప్పలేదు.

ఫోన్ గుంజుకోవద్దు. రోజంతా కూర్చున్న పిల్లవాడికి దోస్తులు ఉన్నది అందులోనే. రాత్రి పదకొండుకు అందరి ఫోన్లూ హాల్లో చార్జింగ్‌కు పెట్టాలని నియమం పెట్టండి. మీదీ, ఆయనదీ కలిపే. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మీ బాబుకు ఐదున్నరే దొరుకుతోంది. ఈ వయసులో ఒంట్లోని గడియారమే వెనక్కి జరుగుతుంది, చిన్నప్పటిలా తొమ్మిదింటికి నిద్ర రాదు. దాని మీద ఫోన్ వెలుగు, దాని మీద రోజంతా ఒళ్లు అలవకపోవడం. ఆదివారం పన్నెండు దాకా పడుకునేది ఆ బాకీ తీర్చుకోవడానికి. తిట్టకండి. కానీ వారానికి అరగంట చొప్పున ముందుకు జరుపుతూ తొమ్మిదికి తెండి. లేవగానే చాయ్ గదిలోకి ఇవ్వకుండా బయట గద్దె మీద ఇవ్వండి. పొద్దుటి వెలుతురు కంట్లో పడితే రాత్రి నిద్ర కొంచెం ముందే వస్తుంది.

జిమ్ వాడు అడిగితే చేర్పించండి. అడగకపోతే అది ఇంకో ట్యూషన్ అవుతుంది. దానికి బదులు పాత క్రికెట్ దోస్తుల్లో ఒక్కణ్ణి, ఒక్కణ్ణే, ఇంటికి పిలవండి. రెండేళ్లు ఆడని పిల్లవాడికి గ్రౌండ్‌కు పోవడమంటే సిగ్గు. ఒళ్లు పెరిగింది, చేయి తిరగడం లేదు, అందరూ నవ్వుతారని భయం. గల్లీలో ఒక్కడితో మొదలుపెడితే ఆ భయం తగ్గుతుంది.

ఇంకొకటి. కాలేజీ పేరెంట్స్ మీటింగ్‌లో ర్యాంకు తప్ప మనం ఏమీ అడగం. ఈసారి నలుగురు తల్లులు కలిసి, గంటకొకసారి ఐదు నిమిషాలు పిల్లల్ని లేపి వరండాలో తిరగనివ్వమని, వారానికి రెండు రోజులైనా సాయంత్రం స్టడీ అవర్‌లో ఒక గంట ఆటకు వదలమని అడగండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. నలుగురు అడిగితే రాసుకుంటారు. నెల రోజుల తర్వాత నాకు మళ్లీ రాయండి. బాగాలేకపోతే మరీ తప్పకుండా రాయండి.

ప్రశ్న: నేను పదో తరగతి. నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక ఊరు. ఎనిమిది దాకా స్కూల్ ఖోఖో టీంలో ఉన్నాను. పెద్దమనిషినయ్యాక ఇంట్లో ఆడొద్దన్నారు. ఇప్పుడు బడి, ఇల్లు, అంతే. ఇంటికి వస్తే బోళ్లు తోమడం, ఊడవడం, చదువుకోవడం. ఊరికే ఏడుపు వస్తుంది. మెట్లెక్కితే ఆయాసం. నేను బయటికి పోకుండా ఇంట్లోనే ఏమైనా చేయొచ్చా మేడమ్? – ఒక అమ్మాయి

జవాబు: బిడ్డా, పై ఉత్తరంలో ఒక అబ్బాయికి పని చెప్పమని వాళ్ల అమ్మకు రాశాను. నీకు మాత్రం పని కాదు, ఆట కావాలి. నువ్వు కదలడం లేదని కాదు. నీ కదలికలో ఒక్క నిమిషం కూడా నీది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 146 దేశాల్లో 11 నుంచి 17 ఏళ్ల బడి పిల్లల 2016 నాటి వివరాలు చూస్తే, ఆడపిల్లల్లో నూటికి 85 మంది, మగపిల్లల్లో 78 మంది చాలినంత కదలడం లేదని తేలింది. మన దేశపు ఆడపిల్లల లెక్క మిగతా చాలా దేశాలకంటే కాస్త నయంగా కనబడింది. ఇంటి చాకిరీ ఎక్కువ కాబట్టి కావచ్చని వాళ్లే రాశారు. ఆ వాక్యం చదివి నాకు సంతోషం కలగలేదు. బోళ్లు తోమితే చేతులు కదులుతాయి, కానీ ఖోఖోలో వెనక నుంచి వీపు మీద తట్టి "ఖో" అన్నప్పుడు లేచి దూకే మనసు అందులో రాదు.

ముందు రక్తపరీక్ష చేయించుకో. ఆయాసం, నీరసం, ఊరికే ఏడుపు రావడం రక్తం తక్కువైనా ఉంటాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తం తక్కువున్నట్టే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూస్తారు. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం గోలీ పారేయకు. అన్నం తిన్నాక వేసుకో, దాంతో చాయ్ తాగకు. రక్తం బాగానే ఉండి ఏడుపు తగ్గకపోతే 14416 నీకు కూడా వర్తిస్తుంది. నువ్వే ఫోన్ చేయొచ్చు.

ఇంట్లో చేయగలిగింది అడిగావు. తాడాట. బంగ్లా మీదికి పోయి, పక్కింటి అమ్మాయిని తోడు పిలుచుకుని, ముప్పై దుముకులు నువ్వు, ముప్పై తను. ఆయాసం వస్తే ఆగు. నెలసరి రోజుల్లో ఒళ్లు సహకరిస్తే ఆడొచ్చు, తప్పేమీ లేదు. కానీ నేను నిన్ను బంగ్లా మీదికే పరిమితం చేయదలచుకోలేదు. ఈ కింది మాటలు మీ అమ్మకు చదివి వినిపించు.

చెల్లె, నేను కల్వకుర్తి వైపు పనిచేసినప్పుడు ఖోఖో టీంకు తొమ్మిది మంది దొరక్క ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి గడపలో ఇదే మాట, పెద్దమనిషైంది. నేను వాదించలేదు. "సాయంత్రం ఆరున్నరకు మీ గడపలో అప్పజెప్పే పూచీ నాది" అన్నాను. మాటిచ్చినట్టే అందర్నీ వెంటేసుకుని ఒక్కో ఇంటి దగ్గర దింపుతూ పోయేదాన్ని. చివరి పిల్ల ఇల్లు ఊరి బయట, అక్కడికి చేరేసరికి చీకటి పడేది. రెండో నెల నుంచి తల్లులే వంతులేసుకుని గ్రౌండ్‌కు రావడం మొదలుపెట్టారు, చీపురు కట్టలు పక్కన పెట్టి గట్టు మీద కూర్చునేవాళ్లు. ఊళ్లో మాట పడుతుందనే భయం నాకు తెలుసు. ఆ భయానికి మందు మనిషి తోడే. మీ అమ్మాయి స్కూల్‌లో టీచరమ్మతో మాట్లాడండి, వారానికి రెండు సాయంత్రాలు అడగండి, ఒక సాయంత్రం మీరు పోయి కూర్చోండి. ఆ పూట బోళ్లు ఇంట్లో మగపిల్లలుంటే వాళ్లు తోముతారు.

ప్రశ్న: పిల్లలు రోజుకు గంట ఆడాలంటారు. మా అమ్మాయి హాస్టల్‌లో బైపీసీ చదువుతోంది, గంట ఖాళీ దొరకదు. అది ఒకేసారి చేయాలా? – ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: ఒకేసారి అక్కర్లేదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు వారం మొత్తం మీద రోజుకు సగటున 60 నిమిషాలు, గుండె వేగం పెరిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అందులో మూడు రోజులు పరుగు, దుముకు లాంటి గట్టి కదలిక ఉండాలి. పది నిమిషాలు ఆరుసార్లైనా లెక్కే. అరగంటే కుదిరితే అరగంట, ఏమీ లేనిదానికంటే అదే మేలు. పొద్దున తాడాట, రాత్రి అన్నం తిన్నాక స్నేహితురాలితో కారిడార్‌లో చివరి నుంచి చివరికి నడక, మీతో ఫోన్ మాట్లాడేటప్పుడు కూర్చోకుండా తిరుగుతూ మాట్లాడటం. ఇక మీ వంతు. ఆదివారం చూడటానికి పోయినప్పుడు విజిటర్స్ గదిలో టిఫిన్ బాక్స్ విప్పి కూర్చోకండి. గేట్ పాస్ తీసుకుని ఒక అరగంట బయట తనతో నడవండి. ఎటు పోదామో తననే చెప్పనివ్వండి.